బెయిల్ వచ్చింది, అమ్మ రాలేదు

ఈరోజు టెక్ టాపిక్ కాదు. అనంతపురం దగ్గర మా పల్లెలో నేను కళ్లారా చూసిన విషయం చెబుతా.

మా వీధిలో ఒక అక్క ఉంది. శెనక్కాయ చేన్లకు కూలికి పోతుంది. ఎండాకాలంలో కుళాయి దగ్గర బిందెల కోసం గొడవైంది. మాటా మాటా పెరిగి ఇంకొకామె తల పగిలింది. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది, నేను చెప్పను. కానీ కేసు నాన్ బెయిలబుల్. అక్కను రిమాండ్‌కు పంపారు.

ఆమెకు ఇద్దరు పిల్లలు. పాపకు నాలుగేళ్లు, బాబుకు తొమ్మిది. పాప అమ్మతో జైలుకు పోయింది. ఆరేళ్ల వరకే పిల్లల్ని తల్లితో ఉండనిస్తారు కాబట్టి బాబు అవ్వ దగ్గర మిగిలాడు. వాళ్ల నాన్నది బెంగళూరులో సెంట్రింగ్ పని. ఊరికొస్తే కూలి పోతుంది, రాకపోతే కోర్టు పని ఆగిపోతుంది.

పన్నెండో రోజు బెయిల్ వచ్చింది. అమ్మయ్య అనుకున్నాం. కానీ అక్క రాలేదు. ఇద్దరు ష్యూరిటీ ఉండాలి, అదీ లోకల్ వాళ్లే కావాలన్నారు. ష్యూరిటీ అంటే పొలం కాగితాలో, జీతం సర్టిఫికెట్టో చూపించాలి. మా పక్క వానల్లేవు, బోర్లు ఎండిపోయాయి. పొలం ఉన్నోళ్లది బ్యాంకు అప్పులో ఉంది. పొలం లేనోళ్లు వలసపోయారు. మిగిలినోళ్లు "కోర్టు గొడవ మనకెందుకప్పా" అన్నారు. అట్లా ఇంకో పంతొమ్మిది రోజులు పోయాయి.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు సర్వర్ పది నిమిషాలు ఆగితే అర్ధరాత్రి ఫోన్లు మోగేవి. ఇక్కడ కోర్టు వదలమన్న మనిషి పంతొమ్మిది రోజులు లోపలే ఉంటే ఎవరి ఫోనూ మోగలేదు.

అవ్వకు చూపు ఆనదు. నీళ్లు బాబే మోశాడు, బడి మానేశాడు. ఒకరోజు నన్ను అడిగాడు: "అన్నా, అమ్మకు శిక్ష పడిందా?"

"లేదురా, విచారణే మొదలు కాలేదు."

"మరి ఎందుకు లోపల పెట్టినారు?"

నా బీటెక్ ఆ ప్రశ్నకు పనికిరాలేదు. పాప ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు, ఎవరైనా తలుపేస్తే ఏడ్చేది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఎన్‌సీఆర్‌బీ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలో 1,764 మంది పిల్లలు తల్లులతో జైళ్లలో ఉన్నారు. వాళ్లలో 1,479 మంది పిల్లల తల్లులు విచారణ ఖైదీలే. బాబులాగా బయట అవ్వల దగ్గర మిగిలిన పిల్లలు ఈ లెక్కలో లేరు.

మీలో కొందరు అడుగుతారు, తల పగిలినామె సంగతేంటని. న్యాయమైన ప్రశ్నే. బెయిల్ ఇచ్చినంత మాత్రాన కేసు పోదు. విచారణ జరుగుతుంది, తప్పు తేలితే శిక్ష పడుతుంది. శిక్షకు ముందే పిల్లలు శిక్ష మోయడం గురించే నా బాధ.

చట్టంలో దారులున్నాయి. 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: జైల్లో ఉన్న పిల్లల్ని ఖైదీల్లా చూడకూడదు. తిండి, వైద్యం, చదువు వాళ్ల హక్కు. తల్లితో పిల్లలు జైల్లో ఉంటే ఆ కేసును ముందు వినాలి. ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 480వ సెక్షన్ కింద, పెద్ద నేరారోపణ ఉన్నా, మహిళ అనే కారణంతో కోర్టు బెయిల్ ఇవ్వొచ్చు.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకా చెప్పింది. బెయిల్ ఇచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోపు ష్యూరిటీ ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతు సడలించే విషయం చూడొచ్చు. లోకల్ ష్యూరిటీయే కావాలనే షరతు పెట్టొద్దని కూడా సూచించింది. అంటే బెంగళూరులో తెలిసిన మేస్త్రీ ఉన్నా అడిగి చూడొచ్చు. ఈ ముక్క మాకు అప్పుడు తెలియదు. తెలిసుంటే ఆ పంతొమ్మిది రోజుల్లో కొన్నయినా తగ్గేవేమో.

చివరిగా ఒక్క నంబర్: 15100. న్యాయ సహాయం హెల్ప్‌లైన్. ఆదాయం ఎంతున్నా మహిళలకు లాయర్ ఉచితం. ఫోన్లో సేవ్ చేసుకోండి. మీ వీధిలో ఎవరికైనా బెయిల్ వచ్చిందని వింటే అక్కడితో ఆగకండి. మనిషి ఇంటికొచ్చిందా అని అడగండి.

ఉంటాను ఫ్రెండ్స్.