బాల్యమునాటి బాధయు, జీవితధ్యేయమును
(మన సంఘపు సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



చిన్ననాట పడిన బాధ మనుష్యుని జీవితమునకు ధ్యేయమును చూపగలదా? ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను వర్తకుడను, శాస్త్రచర్చ చేయుటకు తగినవాడను కాను. కావున ఈ చెన్నపట్టణమున మన కన్నులయెదుటనే నిలిచియున్న ఒక సాక్ష్యమును మీకు చూపదలచినాను. మైలాపూరులోను, అడయారులోను ఆంధ్ర మహిళా సభవారి సంస్థలను ఎరుగని తెలుగు కుటుంబము మనలో లేదు. ఆ సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి బాల్యమెట్లు గడచినదో మాత్రము మన పిల్లలలో పలువురెరుగరు.

ఆమె 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ యేట ఆమెకు వివాహము చేసిరి. బాల్యవివాహములను నిరోధించు శాసనము 1929లో గాని రాలేదు. అందుచేత ఆనాడది చట్టవిరుద్ధము కాదు. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట, తనకు తెలియని వయస్సున జరిగిన ఆ వివాహబంధమున తాను జీవింపజాలనని ఆమె నిశ్చయముగా చెప్పిరి. తండ్రియు, సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. అట్టి బాలికను గూర్చి ఆనాటి లోకమేమనుకొనియుండునో మనము ఊహింపగలము. ఈనాటి లోకమును అంతకంటె మిక్కిలి మారినదని నేననుకొనను.

ఆ బాలిక మూలను కూర్చుండలేదు. 1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చినప్పుడు, పండ్రెండవ యేట, దేవదాసీలును ఘోషా స్త్రీలును ఆయన మాటలు వినునట్లు సభ నేర్పాటు చేయించిరి. ఆయన ఉపన్యాసమును తెలుగులోనికి అనువదించిరి. 1923లో కాకినాడ కాంగ్రెసునాడు ఖాదీ ప్రదర్శనశాల ద్వారమున కావలియుండి, టిక్కెట్టు లేదని జవహర్లాల్ నెహ్రూగారినే ఆపివేసిరి. పిదప ఉప్పు సత్యాగ్రహోద్యమమున చేరి, 1930కిని 1933కిని నడుమ మూడుమార్లు చెరసాలకేగిరి. మధుర జైలులో ఏకాంతవాస శిక్షయు అనుభవించిరి.

జైళ్లలో ఆమె చూచినదేమి? చట్టమనగా నేమో తెలియక, తమ పక్షమున ఒక్క మాట చెప్పువారు లేక, శిక్షలననుభవించుచున్న స్త్రీలు. తనకు బాల్యమున జరిగినదియు, వీరికి జరుగుచున్నదియు ఒక్క కారణముచేతనే కలిగినవని ఆమె గ్రహించిరి. స్త్రీకి చదువు లేదు. తన హక్కు తనకు తెలియదు. ఆమె జీవితధ్యేయము అక్కడనే స్థిరపడెనని నా అభిప్రాయము.

విడుదలైన పిమ్మట, చదువు విడిచిన ఎన్నియో యేండ్లకు, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చుండి ఉత్తీర్ణులైరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రులైరి. 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టమును పొంది న్యాయవాదులైరి. ఇంతవరకు తన కొరకు చేసికొనినదని ఎవరైన అనవచ్చును. కాని 1937 ప్రాంతముననే, తనవలె చదువు మధ్యలో ఆగిన స్త్రీలను చేరదీసి, తాను వ్రాసిన ఆ పరీక్షకే వారిని సిద్ధము చేయసాగిరి. ఆంధ్ర మహిళా సభకు మూలము ఆ చిన్న తరగతులే.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె ప్రథమాధ్యక్షురాలైరి. 1958లో ఆ మండలి, చదువు తప్పిన వయోజన స్త్రీలకు స్వల్పకాలమున పరీక్షలకు చదువు నేర్పు పథకమును దేశమంతట ప్రారంభించినది. మద్రాసులోని తరగతులలో ఫలించిన పద్ధతియే అది. కుటుంబ వివాదములకు ప్రత్యేక న్యాయస్థానములుండవలెనని ఆమె 1953 నుండియు చెప్పుచు వచ్చిరి. 1981లో ఆమె స్వర్గస్థులైన మూడేండ్లకు, 1984లో, ఆ చట్టము వచ్చినది.

ఇందువలన బాధ మంచిదని చెప్పుట నా ఉద్దేశము కాదు. ఎనిమిదేండ్ల పిల్లకు వివాహము చేయుట అన్యాయము. దానినుండి ఒక మహాకార్యము పుట్టినంతమాత్రమున ఆ అన్యాయము న్యాయము కానేరదు. ఆ కాలముననే వివాహమై, ఏ పేరును ప్రతిష్ఠయు లేక వంటయింటి గోడలమధ్య నశించిన బాలికలు ఎన్ని వేలో! వారు పడిన బాధ తక్కువదా? కాదు. వారికి లేనిదియు, దుర్గాబాయమ్మగారికి ఉన్నదియు ఏదియని ఆలోచింపవలెను.

మొదటిది, ఇంటిలో అండ. తండ్రియు అన్నదమ్ములును "నీ తప్పు కాదు" అని నిలిచిన బిడ్డకు తల యెత్తుకొను ధైర్యము వచ్చును. రెండవది, చేతికి పని. దుఃఖమును మరువుమని ఆమెకెవ్వరును చెప్పలేదు. చేయదగిన పని యొకటి దొరికినది. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆమె తన దుఃఖమును తన యొక్కదానిదిగా భావింపకపోవుట. "నాకిట్లేల జరిగినది?" అను ప్రశ్నకు సమాధానము దొరకదు. "ఇట్లు జరిగినవారు ఇంకెవరున్నారు? వారికి నేనేమి చేయగలను?" అని అడిగినచో పని కనబడును. ఆ పనియే ధ్యేయము.

ఇక మన యిండ్ల సంగతి చెప్పుకొందము. తరతరములుగా ఈ నేలమీద స్థిరపడినవారము. పరువు కలవారము. ఆ పరువే మనకొక్కొక్కప్పుడు అడ్డము వచ్చుచున్నది. కాపురము చెడి పుట్టింటికి వచ్చిన పిల్లను బంధువులు వచ్చినప్పుడు లోపలి గదిలోనికి పొమ్మందుము. ఇంటిలో ఒక భాష, బడిలో ఒక భాషయై పరీక్ష తప్పిన పిల్లవానిని "చదువబ్బలేదు" అని గల్లాపెట్టె దగ్గర కూర్చుండబెట్టుదుము. చిన్ననాడే తండ్రి పోయిన బిడ్డను "పాపము" అని జాలిపడుదుముగాని, ఏమి చదువుచున్నావని అడుగము. "కష్టములు మనుష్యులకు గాక మ్రాకులకు వచ్చునా" యని సామెత చెప్పి లేచిపోవుదుము. సామెత ఓదార్చునేగాని దారి చూపదు కదా.

కొందరు పెద్దలు "కష్టపడిన పిల్లలే పైకి వత్తురు, వారినట్లే విడువుడు" అందురు. అయ్యా, విడిచిన పిల్లలలో పైకి వచ్చినవారినే మనము లెక్కించుచున్నాము. రానివారి పద్దు ఎవరును వ్రాయలేదు. లాభములనే వ్రాసి నష్టములను విడిచిన చిట్టాను ఏ వర్తకుడు నమ్మును?

కాబట్టి మన సంఘము ముందు ఒక ప్రతిపాదన నుంచుచున్నాను. చదువు మధ్యలో మానినవారికి, స్త్రీలకు గాని యువకులకు గాని, ఆదివారపు తరగతులను ప్రారంభింతము. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ నిర్వహించు పదవ తరగతి పరీక్షకు 14 ఏండ్లు నిండినవారెవరైనను కూర్చుండవచ్చును. పై వయస్సునకు పరిమితి లేదు. తెలుగు మాధ్యమమునను వ్రాయవచ్చును. స్థలమునకు సంఘ మందిరమున్నది. పాఠములు చెప్పగల విశ్రాంత ఉపాధ్యాయులు మనలో కలరు. పుస్తకముల వ్యయమును వర్తకులమైన మేము భరింతుము. తరగతులలో చేరదలచినవారి పేర్లను వార్తాపత్రికలో ప్రకటింపబోము.

ఒక్క మనవి. ఆ తరగతులలో ఉత్తీర్ణులైనవారు మరుసటి యేడు అక్కడనే ఒక్కరికైనను చదువు చెప్పవలెను. తాను పడిన కష్టము మరియొకరికి ఉపయోగపడినదని తెలిసిననాడు ఆ బిడ్డ మనస్సులోని భారము సగము తగ్గును. మనము వేయి మాటలు చెప్పినను ఆ పని కాదు.

మీ యింట అట్టి బిడ్డ ఉన్నచో, నేటి రాత్రి భోజనమునకు ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "అమ్మా, నీవేమి చేయదలచితివి?" అని ఒక్కమారు అడుగుడు. సమాధానము వెంటనే రాకపోవచ్చును. మరునాడు మరల అడుగుడు.