ఆయాసమును గూర్చి



శరీరశాస్త్రమును గూర్చి మాటలాడుటకు కళాశాఖ పట్టభద్రునకు అధికార మేమని మీరు అడుగవచ్చును. ఆయాసము అందరకును అనుభవమే. దినమంతయు కుర్చీని అంటిపెట్టుకొని యుండు మనవంటివారికి మరింత పరిచితము. కావున గ్రంథములవలన తెలిసికొన్నంత విన్నవించెదను.

కదలక కూర్చున్న మనుష్యుడు నిమిషమునకు 12 మొదలు 16 పర్యాయములు ఊపిరి తీయును. పర్యాయమునకు అర లీటరు చొప్పున నిమిషమునకు 6 నుండి 8 లీటర్ల గాలి లోనికి పోవును. అతడే శక్తికొలది పరుగిడినచో ఈ పరిమాణము 100 లీటర్లకు చేరగలదు. ఈ హెచ్చుతగ్గులను నిర్ణయించున దేది? మెదడు అడుగున, వెన్నుపాముతో కలియుచోట, మజ్జాముఖమను భాగము కలదు. అందలి నాడీకణములు మనము నిద్రించుచున్నను ఉదరవితానమునకు, ప్రక్కటెముకల కండరములకు లయ తప్పక ఆజ్ఞలు పంపుచుండును. ఆ కార్యాలయమునకు సెలవు దినము లేదు.

ప్రాణవాయువు తగ్గుటచేతనే ఆయాసము కలుగునని మనలో పెక్కుమంది తలంతురు. 1905లో హాల్డేన్, ప్రీస్ట్‌లీ అను శాస్త్రజ్ఞులు నిరూపించినది వేరు. సామాన్య పరిస్థితులలో శ్వాసను నడుపునది మనము విడిచివేయు బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు. ఊపిరితిత్తులలో అది రవ్వంత పెరిగిన చాలును, శ్వాస హెచ్చును. ఊపిరి బిగబట్టినవానిని కొంతసేపటికి లొంగదీయునది ముఖ్యముగా ఇదియే. ప్రాణవాయువు మిక్కిలి తగ్గినప్పుడు హెచ్చరించునవి వేరుగా కలవు. అవి మెడలో ఇరుప్రక్కల, ధమని చీలుచోట నుండు బియ్యపుగింజ యంతటి కణికలు. శ్వాసతో వీనికి గల సంబంధమును విశదపరచిన బెల్జియము దేశస్థుడు హేమన్స్‌కు 1938వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

ఇంతవరకు విషయము సులభము. చిక్కు వ్యాయామముతో వచ్చుచున్నది. వేగముగా నడచుచున్న ఆరోగ్యవంతుని ధమనులలోని రక్తమును పరీక్షించినచో ప్రాణవాయువు తగ్గియుండదు, బొగ్గుపులుసు వాయువు పెరిగియుండదు. రెండును ఇంచుమించు కూర్చున్నప్పటివలెనే యుండును. అయినను శ్వాస మూడు నాలుగింతలై యుండును. ఫిర్యాదు అందకమునుపే చర్య తీసికొనబడినదన్నమాట! మన కార్యాలయములలో అంతగా కానరాని విశేష మిది.

1913లో డెన్మార్కు దేశమున క్రోగ్, లిండ్‌హార్డ్ అనువారు పరీక్షించి చూడగా, కాళ్లు కదలిన మొదటి క్షణములలోనే శ్వాస పెరిగెను. కండరములలో పుట్టిన వాయువు రక్తమున కలసి మెదడునకు చేరుటకు కొంత కాలము పట్టును గదా. కావున కాళ్లకు ఉత్తర్వు వెలువడునపుడే దాని ప్రతి యొకటి శ్వాసకేంద్రమునకు కూడ పోవుచున్నదని వారు భావించిరి. ఉపమానము నాది, భావము వారిది. ఆ భావము నేటికిని నిలిచియున్నది. కదలుచున్న కండరములనుండియు నాడుల మూలమున వార్తలు పోవుచుండును. ఒకని కాళ్లను మరియొకరు కదల్చినను అతని శ్వాస కొంత పెరుగును. రసాయనిక సంకేతములు పిమ్మట లెక్క సరిచూచును. ఇందులో దేని పాలు ఎంత యనుటలో శాస్త్రజ్ఞులకు ఇంకను ఏకాభిప్రాయము లేదు.

ఈ పరిశోధనలో మన దేశమునకును స్థానము కలదు. ఢిల్లీలోని వల్లభభాయి పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరుగా పనిచేసిన అవతార్ సింగ్ పెయింటాల్, ఊపిరితిత్తుల సూక్ష్మరక్తనాళముల చెంత నుండు ఒక తరగతి నాడీ అగ్రములను 1955లో వెల్లడించిరి. వానికి ‘జె’ గ్రాహకములని పేరు. ఆ నాళములనుండి ద్రవము బయటికి ఊరినచో అవి మేల్కొని శ్వాసను వేగిరపరచును. గుండె బలహీనమైనవారి ఆయాసమునకు ఇదియు నొక కారణమని చెప్పుదురు.

ఇక మన మెట్ల సంగతి. శ్రమ ఒక హద్దు దాటగనే కండరములలో పుట్టు ఆమ్లము రక్తమున కలియును. దానిని సరిదిద్దుటకై శ్వాస వేగముగా హెచ్చును. అభ్యాసము లేనివానికి ఆ హద్దు త్వరగా వచ్చును. ఆయాసమునకు జడిసి మెట్లెక్కుట మానినవానికి అది ఇంకను దిగివచ్చి, పిదప ఒక్క అంతస్తుకే రొప్పు వచ్చును. నిత్యము నడచువాని ఊపిరితిత్తులు పెద్దవి కావు. కండరములు, గుండె బాగుపడుటచే అవే మెట్లకు తక్కువ గాలి సరిపోవును. నడచుచు మాటలాడగలిగి, పాట పాడలేకున్నచో శ్రమ మితముగా నున్నదని గుర్తు.

కాని మొన్నటివరకు సులువుగా ఎక్కిన మెట్లకే క్రొత్తగా ఆయాసము వచ్చినను, పండుకొన్నపుడు ఊపిరాడక లేచి కూర్చుండవలసివచ్చినను, రొమ్ములో నొప్పి తోడైనను, వయసు మీదపడినదని సరిపెట్టుకొనరాదు. వెంటనే వైద్యుని కడకు పోవలెను. మన యిండ్లలోని స్త్రీలు ఆయాసమును పనిపాటల అలసటగా నెంచి చెప్పకయే యూరకుందురు. వారిలో రక్తహీనత తరచు కారణమగును. రక్తపరీక్ష చేయించుట ఏమంత కష్టము కాదు.

ఢిల్లీలో నున్న మనకు ఇంకొక చిక్కు కలదు. గట్టిగా పరుగిడువాడు పది యింతలకు పైగా గాలిని పీల్చును గనుక, అందలి సూక్ష్మధూళియు ఆ మేరకు లోనికి పోవును. నోటితో పీల్చునపుడు ముక్కు చేయు వడపోతయు తప్పిపోవును. కార్తికము మొదలుకొని మంచుతో పొగ కలసి యెదుటి మేడ కనబడని ఉదయములందు, పార్కులో పరుగు మాని, ఇంటిలోనే కొంత వ్యాయామము చేసికొని, గాలి తేటపడిన దినమున నడకకు పోవుట మేలు.