డోన్‌లో చవకైనది అద్దె ఒక్కటే

హైదరాబాద్‌తో పోలిస్తే చిన్న పట్టణమైన డోన్‌లో ఇంటి అద్దె చవక, కాబట్టి బతుకూ చవకేనని చాలామంది అనుకుంటారు. ప్రభుత్వ లెక్కా అలాగే ఉంది. కేంద్ర ఉద్యోగులకు 2024 జనవరి నుంచి హైదరాబాద్‌లో మూలవేతనంపై 30 శాతం ఇంటి అద్దె భత్యం వస్తుంటే, 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలో 10 శాతమే. డోన్ జంక్షన్ రైల్వే ఉద్యోగులూ ఆ కోవలోకే వస్తారు. అద్దె మట్టుకు ఆ తేడా సబబే. కానీ గ్యాస్ బండ, ఫోన్ రీచార్జి, మందుబిళ్ల ఊరిని చూసి ధర తగ్గించుకోవు. పెద్ద వైద్యానికి కర్నూలు పోవాలంటే ఛార్జీలతో పాటు తోడు వెళ్లినవారి కూలీ కూడా పోతుంది. ఇక కరెంటు. ఒకే మీటరు మీద రెండు మూడు పోర్షన్లుంటే యూనిట్లన్నీ కలిసి పై శ్లాబులోకి ఎక్కుతాయి. విడి మీటరుంటే తక్కువ రేటు పడాల్సిన చిన్న కుటుంబం సబ్‌మీటరు పేరుతో ఎక్కువ కడుతుంది. టు-లెట్ బోర్డు మీద ఇదెక్కడా కనబడదు.

కూరగాయలు, పాలు చవకే కదా, బడికి నడిచే పోవచ్చు కదా అంటారు. నిజమే, నెలజీతగాళ్లకు ఇక్కడ నాలుగు రాళ్లు మిగులుతాయి. అసలు రాళ్లు మోసేవారి సంగతి వేరు. గనుల్లో, నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసే రోజుకూలీకి పని దొరకని వారంలోనూ అద్దె ఆగదు. అతని అద్దెను హైదరాబాద్ అద్దె పక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు, అతని రాబడి పక్కనే పెట్టాలి. ప్రభుత్వ సూచీ చూసినా అంతే: 2012 ఆధారంగా వేసిన పట్టణ వినియోగ ధరల సూచీలో ఇంటి ఖర్చుకు 21.67 శాతం వాటా ఇచ్చారు; అది దేశంలోని పట్టణాలన్నిటి సగటు, అందులో ఈ కూలీ ఇంటి లెక్క విడిగా దొరకదు.