మొసళ్ళను పెంచిన కోటీశ్వరుడు

వాల్ట్ డిస్నీ 1966 డిసెంబరులో మరణించగా, బొమ్మలతో కాక నటీనటులతో తీసిన చిత్రాలలో ఆయన స్వయంగా శ్రద్ధ వహించిన చివరిదిగా పేరొందిన ‘ది హ్యాపియెస్ట్ మిలియనీర్’ మరుసటి ఏడాది విడుదలైంది. ఇది మ్యూజికల్, అంటే పాత్రలు తమ మనసులోని మాటను పాటగా, నాట్యంగా వెల్లడించే సంగీత చిత్రం. షెర్మన్ సోదరులు పాటలు కూర్చిన ఈ చిత్రానికి నార్మన్ టోకర్ దర్శకుడు.

కథ 1916 నాటి ఫిలడెల్ఫియాలో జరుగుతుంది. బ్యాంకర్ల వంశంలో పుట్టిన ఆంథొనీ డ్రెక్సెల్ బిడిల్ అనే నిజమైన వ్యక్తి, ఒకవైపు బైబిలు తరగతులు నడుపుతూ, మరోవైపు బాక్సింగ్ నేర్పుతూ, ఇంట్లోని గాజుగదిలో, అనగా మొక్కల కోసం వెచ్చగా ఉంచే అద్దాల మందిరంలో, మొసళ్ళను పెంచుతాడు. చలికి అవి గడ్డకట్టుకుపోగా చచ్చాయని అందరూ అనుకోవడం, అవి కరిగి లేచి తిరగడం, కొత్తగా కొలువులో చేరిన ఐరిష్ బట్లర్ వాటిని గదిలోకి తోలడానికి పడే పాట్లు చిత్రంలో కడుపుబ్బ నవ్వించే ఘట్టం. బట్లరుగా టామీ స్టీల్ చూపిన హుషారు ముందు యజమానిగా నటించిన ఫ్రెడ్ మెక్‌మరే కాస్త వెలవెలబోయాడనే చెప్పాలి.

బిడిల్ కుమార్తె కార్డీలియా తండ్రిని గురించి రాసిన పుస్తకం మొదట నాటకమై, ఆపై ఈ తెరరూపం దాల్చింది. నిడివి మరీ ఎక్కువ కావడంతో చిత్రాన్ని తర్వాత కత్తిరించి ప్రదర్శించారు. అయినా పిల్లలతో కలిసి నిస్సంకోచంగా చూడదగినదే.