ఫోను చెప్పే పథ్యం గరిటె పట్టిన చేతికి చేరాలి
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మొబైల్ ఫోను సాయంతో ఆహారపుటలవాట్లు చక్కదిద్దుకోవడం ఎలా అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను డాక్టరును కాను, ఇంజనీరునూ కాను. జబ్బు ఉన్నవాణ్ణి. ఆ ఒక్క అర్హతతోనే మీ ముందు నిలబడ్డాను.

ఆ జబ్బు పేరు మెటబాలిక్ సిండ్రోమ్. దీనికి లక్షణాలు అయిదు. మన దేశపు కొలత ప్రకారం నడుం చుట్టూ మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు లేక అంతకు మించి ఉండటం ఒకటి. పరగడుపున షుగరు 100 లేక ఆ పైన ఉండటం రెండోది. రక్తపోటు 130/85కి చేరటం మూడోది. ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు 150కి చేరటం నాలుగోది. మంచి కొలెస్టరాల్ మగవారికి 40 కంటే, ఆడవారికి 50 కంటే తక్కువ ఉండటం అయిదోది. వీటిలో ఏ మూడున్నా ఈ జబ్బు ఉన్నట్టే. ఇటువంటి లక్షణాలు గుంపు కట్టి వస్తాయని 1988లో అమెరికా వైద్య శాస్త్రజ్ఞుడు జెరాల్డ్ రీవెన్ ఎత్తిచూపి, దానికి 'సిండ్రోమ్ ఎక్స్' అని పేరు పెట్టారు.

దీనితో వచ్చిన చిక్కేమిటంటే, నొప్పి ఉండదు. మా భాయిజాన్‌కు అయిదింటిలో నాలుగు ఉండేవి. పరీక్ష చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "నాకేం, దున్నపోతులా ఉన్నాను" అని నవ్వేవారు. ఆయన గుండెపోటుతో పోయినప్పుడు వయస్సు 54. చీటీ ఆ షేర్వానీ జేబులోనే దొరికింది. అది చూశాకే నేను పరీక్ష చేయించుకున్నాను. నాకు మూడు తేలాయి.

మా అబ్బాయి నా ఫోనులో ఒక యాప్ వేసి పెట్టాడు. తిన్నదల్లా గ్రాముల్లో రాయమంటుంది. బగారా అన్నం ఎన్ని గ్రాములు? దాల్చా దాని జాబితాలోనే లేదు. ఒకనాడు వలీమాలో తిన్నదంతా నిజాయితీగా రాస్తే ఎర్రగీత గీసి చీవాట్లు పెట్టింది. ఎనిమిదో రోజున తీసేశాను. తప్పు నాదా, దానిదా?

ఫోను పనికిరాదని నేననను. షుగరు వచ్చే సూచనలున్న 537 మంది మగవారి మీద దక్షిణ భారతంలో జరిపిన పరిశోధన 2013లో వెలువడింది. అందరికీ మొదట ఒకసారి సలహా చెప్పారు. సగం మందికి ఆ తర్వాత కూడా ఫోనుకు చిన్న చిన్న సందేశాలు పంపుతూ వచ్చారు. రెండేళ్ళకు సందేశాలు అందని వారిలో నూటికి 27 మందికి షుగరు వచ్చింది. అందినవారిలో 18 మందికే వచ్చింది. అంటే వేళకు వచ్చిన ఒక మంచి మాటకే అంత బలముంది!

అయితే వారంతా మగవారు. మన ఇళ్ళలో ఫోను మగవాడి జేబులో ఉంటుంది, గరిటె బేగం చేతిలో ఉంటుంది. కనుక యాప్ తయారుచేసేవారు ముందు వంటింట్లోకి రావాలి. గ్రాములు కాదు, గరిటెలు, కటోరాలు అడగాలి. చదవలేని అమ్మీజాన్‌కు మన మాటలో గొంతుతో చెప్పాలి. రోజూ పాతిక ప్రశ్నలు వద్దు. నెలకు ఒక్క లెక్క చాలు: ఇంటికి నూనె ఎన్ని లీటర్లు వచ్చింది, తినేవారు ఎందరు? అయిదుగురికి అయిదు లీటర్లయితే మనిషికి రోజుకు 33 మిల్లీలీటర్లు. వచ్చే నెల నాలుగు లీటర్లతో సరిపెడితే 27కు దిగుతుంది. ఒక్కరికి విడిగా పథ్యం వండనక్కరలేదు, ఇంటిల్లిపాదికీ మేలు.

మరో మాట. రంజాన్‌లో మన భోజన వేళలే మారిపోతాయి. ఇఫ్తార్‌లో ఖర్జూరం తర్వాత పకోడీల పళ్ళెం జరిపి పండ్లు, శనగలు ముందుకు తెమ్మని ఆ వేళకే గుర్తు చేయాలి. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవారిని మాత్రం నెల రాకముందే డాక్టరు దగ్గరకు పంపాలి. మందు మోతాదు మార్చే పని ఫోనుది కాదు. మన జబ్బు వివరాలు మన అనుమతి లేకుండా ఇంకొకరి చేతిలో పడకూడదు. అందుకోసం 2023లో చట్టమే వచ్చింది. తప్పిన రోజున చీవాట్లు కాక, "రేపు చూద్దాం" అనే మాట కావాలి.

మన ఊళ్ళో కంప్యూటరు చదివిన పిల్లలకు కొదువ లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మన ఆహార పదార్థాల్లో ఏముందో 2017లో పట్టికలుగా అచ్చువేసింది. లేనిదల్లా మన వంటల లెక్క. ఆపాలు, అమ్మీజాన్‌లు కూర్చుని మనం వండే యాభై వంటలు, వాటిలో పడే నూనె, ఉప్పు, చక్కెర గరిటెల లెక్కన చెప్పండి. పిల్లలు రాసుకుంటారు. వచ్చే వార్షిక సభ నాటికి ఆ జాబితా తయారైతే అదే యాప్‌కు పునాది.

ఈ లోపల ఒక పని చేయండి. మీ జేబులో మడిచి పెట్టిన చీటీ ఉంటే ఈ రాత్రే తీసి ఇంట్లో వారికి చూపించండి. మా భాయిజాన్ చూపించలేదు.

సెలవు. వస్సలాం.