నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే కుటుంబం ఏమి చేయవచ్చు?

(రోగుల బంధువుల కొరకు చేసిన ఆరోగ్య అవగాహన ప్రసంగ పాఠం)



ఆసుపత్రిలో నిలబడి ఆసుపత్రి మీద ఫిర్యాదు ఎలా చేయాలో చెప్పడం కొందరికి వింతగా అనిపించవచ్చు. కాని రోగికి మందు ఎంత అవసరమో, కుటుంబానికి తన హక్కులు తెలియడం కూడా అంతే అవసరం. ఇప్పుడు చెప్పబోయేది మన పిఠాపురంలోని మిషన్ ఆసుపత్రికి కూడా వర్తిస్తుంది.

మొదట ఒక మాట. ప్రతి మరణమూ నిర్లక్ష్యం వల్ల జరిగినది కాదు. డాక్టరు చేయవలసినదంతా చేసినా ఒక్కొక్కసారి ప్రాణం దక్కదు. సాధారణ నైపుణ్యం గల డాక్టరు తప్పక చేసే పని చేయకపోవడం, చేయకూడని పని చేయడం: చట్టం దీనినే నిర్లక్ష్యం అంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. 2002 జూలైలో హైదరాబాదులో వి. కిషన్ రావు గారు చలిజ్వరంతో ఉన్న తన భార్యను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ఆయన మలేరియా విభాగంలోనే అధికారి. అక్కడ ఆమెకు టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. పరిస్థితి విషమించి వేరే ఆసుపత్రికి తీసుకువెళ్లగా మలేరియా అని తేలింది, ఆమె బ్రతకలేదు. జిల్లా ఫోరం 2 లక్షల రూపాయల పరిహారం, కట్టిన డబ్బులో 10 వేలు తిరిగి ఇవ్వమన్నది. నిపుణుల సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ ఆ తీర్పును కొట్టివేసింది. జాతీయ కమిషన్‌లోనూ ఆయనకు న్యాయం దొరకలేదు. చివరకు 2010 మార్చి 8న సుప్రీంకోర్టు, ప్రతి కేసులోనూ నిపుణుల సాక్ష్యం అక్కరలేదని చెప్పి, జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ఎనిమిదేళ్లు పట్టింది. ఆయనకు ఆసుపత్రి కాగితాలు ఆధారమయ్యాయి.

కనుక మొదటి పని కాగితాలు. కేస్ షీట్, పరీక్షల రిపోర్టులు, ఎక్స్‌రేలు, బిల్లులు, మరణ ధ్రువపత్రం, అన్నీ భద్రపరచండి. కేస్ షీట్ నకలు కావాలని వ్రాతపూర్వకంగా అడగండి. 72 గంటలలో ఇవ్వాలని వైద్యుల నియమావళి చెబుతున్నది. అనుమానం ఉంటే అంత్యక్రియలకు ముందే పోలీసులకు చెప్పి పోస్టుమార్టం కోరండి. "పోయిన మనిషిని కోయించడమెందుకు" అని మనవాళ్లు వెనుకాడతారు. తరువాత మరణ కారణం రుజువు చేయడం చాలా కష్టం.

ఇక ఉన్న దారులు:

1. పరిహారం కొరకు వినియోగదారుల కమిషన్. మనకు ఇది కాకినాడలో ఉన్నది. మరణం వేరే ఊరిలో జరిగినా మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. రెండేళ్లలోగా వేయాలి. చికిత్సకు కట్టినది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. కొందరి వద్ద డబ్బు తీసుకొని కొందరికి ఉచితంగా చూసే ఆసుపత్రిలో, ఉచితంగా చూపించుకున్నవారికీ ఈ హక్కు ఉందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ పూర్తి ఉచితంగా చూసే ప్రభుత్వాసుపత్రి అయితే సివిల్ కోర్టుకు వెళ్లాలి.

2. శిక్ష కొరకు పోలీసు కేసు. ఇందుకు ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలనీ, ముందుగా వేరే డాక్టరు అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరుది, తీసుకోవాలనీ 2005లో సుప్రీంకోర్టు నిర్దేశించింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం వైద్యం చేయడంలో నిర్లక్ష్యానికి డాక్టరుకు రెండేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు.

3. డాక్టరు ప్రవర్తనపై రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు. మండలి డాక్టరును హెచ్చరించవచ్చు, కొంతకాలం రిజిస్ట్రేషన్ నిలిపివేయవచ్చు. డబ్బు ఇప్పించదు.

ఖర్చుకు భయపడవద్దు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, తక్కువ ఆదాయం గలవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి.

చివరిగా, దుఃఖంలో అద్దాలు పగులగొట్టినా, నర్సును కొట్టినా నేరం మీ మీదికే వస్తుంది. అసలు తప్పు మరుగున పడిపోతుంది. ఎవరో మధ్యవర్తి తెచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకండి. ముందు మీ కాగితాలు తీసుకోండి, తేదీలతో జరిగినదంతా వ్రాసి పెట్టుకోండి. పోయిన ప్రాణాన్ని ఏ తీర్పూ తేలేదు. కాని తప్పు తప్పేనని తేలితే, ఆ మంచం మీదికి వచ్చే మరో రోగికి మేలు జరుగుతుంది.