యంత్రానికి చూపు ఎలా వచ్చింది?



నవంబరు దగ్గరపడితే మనందరికీ ఒకటే బెంగ, లైఫ్ సర్టిఫికెట్. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేలిముద్రలు అరిగినవారికి అదీ కష్టమే అయింది. 2021 నవంబరులో ముఖం చూపించే పద్ధతి తెచ్చారు. సెల్‌ఫోను మనల్ని ఎలా గుర్తుపడుతుందో చెప్పమని కార్యదర్శి గారు నన్ను కోరారు.

కెమెరా పట్టేది ముఖాన్ని కాదండీ, అంకెలను. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడదీసి, ఏ గడిలో ఎంత వెలుగుందో ఒక్కొక్క అంకె వేస్తుంది. ఇది ముక్కు, ఇది చెవి అని దానికి నియమాలు రాసివ్వరు. చూపించి నేర్పిస్తారు.

తపాలా శాఖలో పనిచేసిన మిత్రులకు నచ్చే ఉదాహరణ ఒకటుంది. 1989లో అమెరికా బెల్ లాబ్స్‌లో యాన్ లెకన్ బృందం, బఫెలో పోస్టాఫీసు మీదుగా వెళ్లిన ఉత్తరాలపై చేత్తో రాసిన జిప్ కోడ్ అంకెలను తీసుకుంది. జిప్ కోడ్ అంటే వాళ్ల పిన్‌కోడే. ఒక్కో అంకెకు నిలువు 16, అడ్డం 16, మొత్తం 256 గళ్లు. 7,291 అంకెలు పదేపదే చూపించి, జవాబు తప్పినప్పుడల్లా యంత్రం లోపలి తూకాలను కొద్దికొద్దిగా సవరించారు. తర్వాత అది ఎన్నడూ చూడని 2,007 అంకెలు ఇస్తే నూటికి సుమారు 95 సరిగ్గా చెప్పింది. సార్టింగులో కొత్తగా చేరిన కుర్రవాడూ ఇలాగే నేర్చుకుంటాడు. కాకపోతే వాడికి అన్ని వేలు అక్కర్లేదు!

2012లో ఇమేజ్‌నెట్ పోటీలో ఇదే పద్ధతి 12 లక్షల ఫోటోలతో, వెయ్యి రకాల వస్తువులు నేర్చి మిగతావాటిని చాలా వెనక్కి నెట్టింది. ఈ హడావుడంతా అప్పటినుంచే.

ముఖం దగ్గర ఒక మెలిక ఉంది. ఇలాంటి యంత్రం మన ముఖాన్ని అంకెల వరుసగా మార్చి, పాత ఫోటో వరుసతో పోలుస్తుంది. తేడా హద్దులో ఉంటే మీరే అంటుంది, దాటితే కాదంటుంది. కళ్లు ఆర్పమనేది ఎదుట ఉన్నది ఫోటో కాదు, మనిషేనని తేల్చుకోవడానికి. నేర్పిన ఫోటోల్లో ఎవరు తక్కువో వారి దగ్గరే తడబడుతుంది. 2018లో జాయ్ బులమ్‌వీనీ, టిమ్నిట్ గెబ్రు మూడు కంపెనీల యంత్రాలను పరీక్షించారు. ఆడా మగా చెప్పడంలో తెల్లని మగవారి విషయంలో నూటికి ఒక్కటైనా తప్పలేదు. నల్లని ఆడవారి విషయంలో ఒక యంత్రం నూటికి 34కు పైగా తప్పింది.

కాబట్టి ఫోను కాదన్నంత మాత్రాన కంగారు పడకండి. వెనుక కిటికీ లేకుండా, వెలుగు ముఖం మీద పడేలా కూర్చోండి. ఆధార్ ఫోటో బాగా పాతదైతే మార్పించుకోండి. అయినా కుదరకపోతే బ్యాంకుకు వెళ్లి కాగితం మీద ఇచ్చే దారి ఉండనే ఉంది. మంచం దిగలేని సభ్యుల పేర్లు అక్టోబరులోగా కార్యదర్శి గారికి ఇవ్వండి. ఇంటికే మనిషిని పంపమని బ్యాంకును అడుగుదాం.